తుపాకీ కవర్ జిప్పు పాడైంది, కుట్టించడానికి పర్మిషన్ కావాలా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లాలో అడవి అంచున ఉన్న ఊరు. పంట కాపలా కోసం నా పేరు మీద లైసెన్స్ ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి, అయిపోయాక బైక్ మీద ఇంటికి తెచ్చుకుంటుంటే దారిలో కవర్ జిప్పు విచ్చుకుపోయి గొట్టం బయటికి కనపడింది. ఒక కానిస్టేబుల్ ఆపి, లైసెన్స్ చూసి, "ఇలా తిరిగితే కేసవుతుంది" అని చెప్పి పంపేశారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మండల కేంద్రంలో బ్యాగులు కుట్టే అతను "తుపాకీతో సహా తీసుకురండి, కొలత చూసి కొత్త జిప్పు వేస్తాను, రెండు రోజులు ఉంచి వెళ్లండి" అంటున్నాడు. నాకు మోకాళ్ల నొప్పులు. మా అబ్బాయిని పంపొచ్చా? కవర్ బాగు చేయించడానికి కూడా పర్మిషన్ తీసుకోవాలా? దయచేసి చెప్పండి.

జవాబు: కవర్ బాగు చేయించడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. కొత్తది కొనడానికీ అక్కర్లేదు. కానీ తుపాకీని మాత్రం ఆ షాపు గడప తొక్కనివ్వకండి. రెండు రోజులు కాదు, రెండు గంటలు కూడా అక్కడ వదలొద్దు.

1959 నాటి ఆయుధాల చట్టంలో ఏది ఆయుధమో, ఏది తుపాకీయో నిర్వచనం ఉంది. తుపాకీ, దాని భాగాలు, పేలిన శబ్దాన్నో మెరుపునో తగ్గించే పరికరాలు ఆ నిర్వచనం కిందికి వస్తాయి. గుడ్డ కవర్, దాని జిప్పు, భుజానికి తగిలించుకునే పట్టీ రావు. అందుకే ఖాళీ కవర్‌ని ఏ దర్జీకైనా, చెప్పులు కుట్టే అతనికైనా ఇవ్వొచ్చు. లైసెన్స్ పుస్తకంలో రాయించాల్సిన పని కూడా లేదు. అదే తుపాకీ ట్రిగ్గరో, గొట్టమో పాడైతే సంగతి వేరు. అదే చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ రిపేరు చేసేవారికి ప్రత్యేకంగా లైసెన్స్ ఉండాలి. ఊళ్లో కమ్మరి ఎంత పనిమంతుడైనా అతని చేత చేయించకూడదు.

ఇప్పుడు ఆ బ్యాగుల షాపు అతని సంగతి. కొలత కోసం తుపాకీ అడగడంలో అతనికి దురుద్దేశం ఏమీ లేదు. అయినా లైసెన్స్ లేని మనిషి దగ్గర తుపాకీ రాత్రంతా ఉంటే, అది అతను లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకున్నట్టే లెక్క. 2019 సవరణ తర్వాత 25వ సెక్షన్ కింద దీనికి 2 నుంచి 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. అర్హత ఉందో లేదో చూసుకోకుండా తుపాకీ చేతికిచ్చినందుకు 29వ సెక్షన్ కింద మీ మీదా కేసు పెట్టవచ్చు. అక్కడ 6 నెలల వరకు జైలు. మీకు పడే శిక్ష కన్నా మీకు సాయం చేయబోయిన అతనికి పడేది పెద్దది. జిప్పు కుట్టి కూలి సంపాదించుకునే మనిషిని తెలియక అంత ఇబ్బందిలోకి లాగొద్దని నేను గట్టిగా చెబుతున్నాను.

'తుపాకీ నా చేతిలో లేదు కదా, నాకేం సంబంధం' అనుకోవడానికీ వీల్లేదు. గుణ్వంత్‌లాల్ కేసులో 1972లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. వస్తువు వేరే వాళ్ల దగ్గర ఉన్నా, దాని మీద అధికారం, అదుపు ఎవరికుంటే వాళ్ల స్వాధీనంలో ఉన్నట్టేనని చెప్పింది.

కొలత కావాలంటే తేలికైన దారి ఉంది. తుపాకీ పక్కన ఒక కర్ర పెట్టి, సరిగ్గా అంతే పొడవుకు కోయండి. మడమ దగ్గర, అంటే భుజానికి ఆనే చెక్క భాగం దగ్గర, వెడల్పు ఎంతో టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. కర్ర, కాగితం, ఖాళీ కవర్ తీసుకెళ్తే చాలు.

అయితే ఖాళీ కవర్ నిజంగా ఖాళీగా ఉందా? నాకు ఎక్కువ భయం ఇక్కడే. మన కవర్లకు పక్కన ఒక జేబు ఉంటుంది. పొలం నుంచి వచ్చేటప్పుడు మిగిలిన తూటా అందులో వేసి మర్చిపోవడం చాలామందికి అలవాటు. కవర్ ఆయుధం కాదు గానీ, ఆ తూటా మాత్రం చట్టం దృష్టిలో మందుగుండే. దానికీ లైసెన్స్ కావాలి. బ్యాగు అడుగున మర్చిపోయిన ఒక్క తూటా వల్ల విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు. తూటా ఉందని తెలిసి దగ్గర ఉంచుకుంటేనే నేరమని చెప్పి హైకోర్టులు అలాంటి కేసులు కొన్ని కొట్టేశాయి. నిజమే, కానీ హైకోర్టు దాకా వెళ్లే లోపు డబ్బూ, మనశ్శాంతీ పోతాయి. కాబట్టి షాపుకి ఇచ్చే ముందు కవర్‌ని తిరగేసి దులపండి. జేబులో చెయ్యి పెట్టి చూడండి, లోపలి స్పాంజి అతుకుల మధ్య కూడా తడమండి. కాల్చేసిన తూటాల ఖాళీ తొడుగులున్నా తీసి ఇంట్లో పెట్టండి.

ఇక దారిలో జరిగింది. కానిస్టేబుల్ గారు చెప్పినదాంట్లో నిజం ఉంది. 2016 ఆయుధాల నియమావళి ప్రకారం బహిరంగ ప్రదేశంలో పొడవాటి తుపాకీని తీసుకెళ్లాలంటే, దానికోసం తయారైన లేదా దానికి తగ్గట్టు మార్చిన కవర్‌లో ఉంచాలి. తుపాకీ పూర్తిగా కప్పి ఉండాలి. తీసుకెళ్లే మనిషి అదుపులో ఉండాలి. ఈ నియమం తప్పితే 30వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా 2000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మీలాంటి వారికి అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. షరతు తప్పారని 17వ సెక్షన్ కింద లైసెన్స్ సస్పెండ్ చేసే, రద్దు చేసే అధికారం లైసెన్స్ ఇచ్చిన అధికారికి ఉంది.

కానీ మీ విషయంలో జిప్పు దారి మధ్యలో విచ్చుకుంది. మీరు కావాలని గొట్టం చూపించుకుంటూ తిరగలేదు. లైసెన్స్ జేబులో ఉంది, అడిగిన వెంటనే చూపించారు. 19వ సెక్షన్ కింద లైసెన్స్ చూపించమని అడిగే హక్కు పోలీసులకు ఉంది, మీరు దాన్ని గౌరవించారు. ఆయన చూసి పంపేశారు కూడా. జరిగిపోయిన దాని గురించి భయపడొద్దు. అయితే జిప్పు పాడైందని తెలిసి కూడా మళ్లీ అదే కవర్‌లో తుపాకీ పెట్టుకుని రోడ్డెక్కితే, అనుకోకుండా జరిగిందని చెప్పుకోవడానికి వీలుండదు. ఎప్పుడైనా దారిలో మళ్లీ ఇలా అయితే పక్కకు ఆగి, తుపాకీలో తూటా లేదని చూసుకుని, తువ్వాలో దుప్పటో చుట్టి తాడుతో గట్టిగా కట్టి నేరుగా ఇంటికి వెళ్లండి. మధ్యలో టీ కొట్టు దగ్గర కూడా ఆగొద్దు. జాతరలు, ఊరేగింపులు, బడి ఆవరణల వైపు అయితే కవర్ బాగున్నా సరే పోకూడదు. మీ లైసెన్స్ షరతుల్లో ఆ మాట ఉంటుంది, తీసి చదవండి.

మీ అబ్బాయిని పంపొచ్చా అన్నారు. ఖాళీ కవర్ తీసుకుని ఎవరైనా వెళ్లొచ్చు. తుపాకీ విషయానికొస్తే 3వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. లైసెన్స్ లేని వ్యక్తి కూడా లైసెన్స్‌దారు సమక్షంలో గానీ, ఆయన రాసిచ్చిన అధికార పత్రంతో గానీ తుపాకీని రిపేరుకో, లైసెన్స్ రెన్యువల్‌కో, లైసెన్స్‌దారు వాడకం కోసమో తీసుకెళ్లొచ్చు. రిపేరు అంటే తుపాకీ రిపేరు, కవర్ రిపేరు కాదు. రేపు రెన్యువల్‌కో, లైసెన్స్ ఉన్న గన్ షాపుకో మీ అబ్బాయి వెళ్లాల్సి వస్తే తేదీ, తుపాకీ నంబర్, ఎక్కడికి, ఎందుకు అన్నీ రాసి సంతకం చేసి ఇవ్వండి. లైసెన్స్ కూడా అతని దగ్గర ఉండాలి. నోటిమాటగా చెప్పి పంపితే చెల్లదు.

ఇది నా వృత్తికి సంబంధించిన మాట కాదు గానీ చెబుతాను. జిప్పు పళ్లు బాగానే ఉండి వెనకాల విచ్చుకుంటుంటే చాలాసార్లు తప్పు రన్నర్‌ది, జిప్పుది కాదు. రన్నర్ అరిగి వదులైతే పళ్లను పట్టుకోదు. రన్నర్ ఒక్కటే మార్చమని అడగండి, కొద్ది ఖర్చుతో పోతుంది. పళ్లు ఊడిపోతే మాత్రం మొత్తం మార్పించాలి. అప్పుడు వెడల్పాటి పళ్ల జిప్పు వేయించుకుని, మూతి దగ్గర అదనంగా ఒక పట్టీ, బకిల్ కుట్టించుకోండి. రేపు జిప్పు మొరాయించినా తుపాకీ బయట పడదు.

కవర్ షాపులో ఉన్నన్ని రోజులు తుపాకీని తాళం వేసిన బీరువాలో ఉంచండి. అసలు ఇంట్లో ఎప్పుడూ కవర్‌లో పెట్టి దాచకండి, వానాకాలంలో లోపలి స్పాంజి తేమ పట్టి గొట్టం తుప్పెక్కుతుంది. తూటాలు వేరే చోట, అవీ తాళంలోనే ఉండాలి. లైసెన్స్ తీసుకునేటప్పుడు తుపాకీని భద్రంగా దాస్తానని మీరు రాసిచ్చిన హామీ ఇదే.

మీరు పంట కాపలా అన్నారు కాబట్టి ఇంకో మాట. తుపాకీ లైసెన్స్ ఉన్నంత మాత్రాన చేలో పడ్డ అడవి పందిని కాల్చే హక్కు రాదు. దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద అటవీ శాఖ అధికారి అనుమతి విడిగా ఉండాలి. ఆ కాగితం మీ దగ్గర లేకపోతే, కవర్ పని అయ్యాక రేంజ్ ఆఫీసుకి వెళ్లి దరఖాస్తు ఎలా పెట్టుకోవాలో అడగండి.