పొడుగు డచ్ మాటను ఎక్కడ విరవాలి, ఎక్కడ నొక్కాలి

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఐండ్‌హోవెన్ వచ్చి రెండు నెలలైనా బోర్డులు చదవాలంటే టెన్షన్‌గా ఉందని రాశావు. ఇక్కడి నెదర్లాండ్స్‌వాళ్ళు డచ్‌లో రెండు మూడు నామవాచకాలను ఖాళీ వదలకుండా ఒకే మాటగా రాసేస్తారు. మొదటి ఏడాది నాకూ కళ్ళు తిరిగాయి.

పొడుగు మాట కనబడగానే చివరి ముక్క పట్టుకో, అసలు సంగతి అక్కడుంటుంది. మన ‘ఇంటిపేరు’ పేరే గానీ ఇల్లు కాదు కదా. ‘ఫీట్స్’ సైకిలు, ‘పాట్’ దారి. ‘ఫీట్స్‌పాట్’ సైకిలు దారి. ‘జీకన్‌హౌయ్స్’ రోగుల ఇల్లు, అంటే ఆసుపత్రి. చేతి తొడుగును ‘హాంట్‌స్ఖూన్’, చేతికి వేసే బూటు, అంటారు. ఎంత ముద్దొస్తుందో నాకా మాట! నామవాచకం ముందు ఇంగ్లీషు ‘ది’ లాగా పెట్టే ‘ద’, ‘హెట్’లలో ఏది వాడాలన్న గొడవ కూడా చివరి ముక్కతోనే తేలుతుంది. ‘హౌయ్స్’కి హెట్ కాబట్టి ‘జీకన్‌హౌయ్స్’కీ హెట్టే. చిన్న మాటలు నేర్చుకుంటే చాలు.

పలికేటప్పుడు మాత్రం బరువు మొదటి మాట మీద వెయ్యి. మనం తెలుగులో దీర్ఘాలు, ఒత్తులు చూసుకుంటాం గానీ ఊనికను పట్టించుకోం, అన్నీ సమానంగా పలుకుతాం. నేను అలాగే ‘జీకన్‌హౌయ్స్’ అంటే బస్సు డ్రైవరు మూడుసార్లు అడిగాడు. ‘జీ’ని నొక్కి, మిగతాది తేలిగ్గా వదిలెయ్యాలి. అయితే మొదటి మాట అంటే మొదటి అక్షరమని కాదు. ‘స్టాషోన్’ అంటే స్టేషను, అందులో బరువు ‘షోన్’ మీద. ‘స్టాషోన్స్‌ప్లైన్’, అంటే స్టేషను ముందుండే మైదానం, అందులోనూ అక్కడే. ‘స్టాట్‌హౌయ్స్’ లాంటివి కొన్ని ఎదురు తిరుగుతాయి, అందులో బరువు ‘హౌయ్స్’ మీద పడుతుంది. నగరపాలక కార్యాలయం కాబట్టి నీకు ఆ మాట తప్పకుండా తగులుతుంది.

‘స్టాషోన్స్‌ప్లైన్’ మధ్యలో ‘స్’ ఉందే, అది అతుకు. మన ‘ఇల్లు’ ‘ఇంటి’ అయినట్టే అనుకో. కొన్ని మాటల్లో ‘ఎన్’ వస్తుంది. ‘పానెకూక్’ అనే అట్టుకు 1995 స్పెల్లింగు మార్పుతో మధ్యలో ఒక ‘న్’ చేరింది. రాతలో చేరింది గానీ చాలామంది నోట రాదు, నువ్వూ పలకక్కర్లేదు.

విరిచేచోటు మాత్రం జాగ్రత్త. ఒకసారి పేపర్లో ‘బొమ్మెల్డింగ్’ చూసి, ‘బొమ్మెల్’ కోసం నిఘంటువంతా వెతికాను. అది ‘బొమ్’, ‘మెల్డింగ్’: బాంబు ఉందన్న సమాచారం. రెండు ‘మ’ల మధ్య గీత గీసి ఉంటే అరగంట మిగిలేది.

ఈ ఆదివారం స్టేషన్లో పది బోర్డులు ఫోటో తీసి, పెన్సిలుతో గీతలు పెట్టి, చదివి వాట్సాప్‌లో వాయిస్ పంపు. ఎక్కడ నొక్కావో విని చెబుతాను.

మీ పెద్దమ్మ