సొంత నియమాలు రాసుకోబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన పద్నాలుగు హౌస్ రూల్స్ (మన బల్లకు మనమే రాసుకునే సొంత నియమాలు) జాబితా అందాయి. పాచికలు వేస్తూ కథలోని పాత్రలను నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఇన్నాళ్లూ బల్లకు ఇవతల కూర్చుని ఒక్క పాత్రను నడిపిన నీవు, ఇప్పుడు కథను నడిపి తీర్పులు చెప్పే డంజన్ మాస్టర్‌గా తొలి క్యాంపెయిన్ (అనేక విడతలుగా సాగే కథ) మొదలుపెట్టబోతున్నావని తెలిసి సంతోషించాను. జాబితాను రెండుసార్లు చదివాను. అందులో మూడు నియమాలు ఉంచుకోదగ్గవి, ఒకటి ఎట్టి పరిస్థితుల్లోనూ కొట్టివేయవలసినది, మిగిలినవి ఇంకా పుట్టని రోగానికి ముందుగానే నూరి పెట్టుకున్న మందులు. ఒక్క సెషన్ అయినా నడపకముందే పద్నాలుగు మార్పులు చేయాలనిపించడం ఉత్సాహానికి గుర్తే కాని, ఏ నియమం వల్ల ఎవరికి ఏ ఇబ్బంది కలిగిందో చెప్పలేనప్పుడు దానిని మార్చడం తలనొప్పికి తలగడ మార్చినట్టే అవుతుంది.

అన్నిటికంటే ముందు మీ బల్ల మీద ఏ పుస్తకాలు ఉండబోతున్నాయో తేల్చుకో. 2014లో వచ్చిన ఐదవ ఎడిషన్ పుస్తకాలకూ, 2024లో సవరించి వెలువరించిన పుస్తకాలకూ పైపైన చూస్తే పెద్ద తేడా కనిపించదు గాని, తగవులు వచ్చేది సరిగ్గా తేడా ఉన్న చోటే. గాయాలు మాన్పే హీలింగ్ పోషన్ తాగడానికి 2014 నియమాల ప్రకారం ఒక యాక్షన్ (వంతులోని ప్రధానమైన పని) ఖర్చవుతుంది, 2024 నియమాల ప్రకారం బోనస్ యాక్షన్ (అదనంగా దొరికే చిన్న పని) చాలు. హఠాత్తుగా దాడికి గురైనవారు 2014 నియమాలలో తమ మొదటి వంతును పూర్తిగా కోల్పోతారు, 2024 నియమాలలో ఎవరి వంతు ముందో తేల్చే ఇనిషియేటివ్ పాచికను మాత్రం డిసడ్వాంటేజ్‌తో, అంటే రెండు పాచికలు వేసి చిన్నది తీసుకునే పద్ధతిలో వేస్తారు. అలసటను లెక్కించే పద్ధతి కూడా మారింది. ఒకరు పాత పుస్తకం చదివి, ఇంకొకరు కొత్త పుస్తకం చదివి వచ్చి కూర్చుంటే ఇద్దరూ నిజమే చెబుతారు, ఇద్దరూ వాదించుకుంటారు. నీ జాబితాలో నాలుగవదిగా రాసిన పోషన్ నియమం కొత్త పుస్తకాలతో ఆడితే అసలు అవసరమే లేదు, పాత పుస్తకాలతో ఆడితే నిస్సందేహంగా ఉంచుకో.

ఆట మధ్యలో లేచే ప్రశ్నల గురించి నీవు ఎక్కువ భయపడుతున్నట్టు నీ ఉత్తరాన్ని బట్టి తోస్తున్నది. నా అనుభవంలో వాటిలో చాలా భాగం నియమాలలోని లోపం వల్ల పుట్టినవి కావు, ఎప్పుడో చదివిన నియమం సగమే గుర్తుండటం వల్ల పుట్టినవి. ఇరవై ముఖాల పాచిక మీద 20 పడితే ఏ పనైనా సాగిపోతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు, కాని 2014 పుస్తకంలో ఆ వరం ఉన్నది దాడి పాచికకే తప్ప పాత్ర సామర్థ్యాన్ని పరీక్షించే ఎబిలిటీ చెక్‌కు లేదు. మూడు కారణాల వల్ల అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) వచ్చి, ఒకే కారణం వల్ల డిసడ్వాంటేజ్ వస్తే రెండు మిగులుతాయని లెక్కవేసేవారూ ఉంటారు, నిజానికి ఎన్ని ఉన్నా అటొకటి ఇటొకటి ఉంటే చాలు రెండూ రద్దయి ఒకే పాచిక మిగులుతుంది. కాబట్టి ప్రశ్న వచ్చినప్పుడు నీ అభిప్రాయం చెప్పకముందే, ఆ మంత్రం లేదా ఆ శక్తి గురించి రాసిన పేరా మొత్తాన్ని ఎవరిచేతనైనా పైకి చదివించు. సాధారణ నియమానికీ ప్రత్యేక నియమానికీ పొసగనప్పుడు ప్రత్యేకమే నెగ్గుతుందన్న సూత్రం ఒక్కటి గుర్తుంటే తక్కిన చిక్కులలో చాలావరకు అక్కడే విడిపోతాయి.

చదివినా తేలకపోతే రెండు నిమిషాలకు మించి ఆగవద్దు. ఆ క్షణానికి న్యాయమనిపించిన నిర్ణయం చెప్పి, అనుమానం ఉన్నంత మేరకు ఆటగాడి వైపే మొగ్గి, ప్రశ్నను కాగితం మీద రాసుకుని ముందుకు సాగిపో. ఒక పాత్ర ప్రాణం ఆ జవాబు మీద ఆధారపడి ఉంటే మాత్రం ఎంతసేపు పట్టినా ఆట ఆపి వెతకవలసిందే. మీ బృందంలో నీకంటే నియమాలు బాగా తెలిసిన అబ్బాయి ఒకడున్నాడని, అతడు అడుగడుగునా అడ్డుపడతాడేమోనని రాశావు. అతడిని ప్రతివాదిగా చూడకు, వెతికే పని అతడికే అప్పగించు. అతడు పుట తిప్పుతూ ఉండగా నీవు మిగిలినవారి వంతులు నడిపిస్తూ ఉండవచ్చు, దొరికిన నియమాన్ని అమలు చేసే అధికారం ఎలాగూ నీదే.

ఇక్కడే నేను ఒకప్పుడు బోల్తాపడ్డాను. ఒక పోరాటంలో ఒక ఆటగాడు నేల మీది ఇసుకను పిడికెడు తీసి శత్రువు కళ్లలో కొడతానన్నాడు. పుస్తకంలో దానికి నియమం దొరకలేదు, ఆలోచన నాకు నచ్చింది, కనుక శత్రువు తరువాతి దాడికి డిసడ్వాంటేజ్ అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాతి సెషన్‌కు మరో ఇద్దరు తమ పాత్రల సామాను పట్టికలో ఇసుక సంచి చేర్చుకుని వచ్చారు. నాలుగో సెషన్ నాటికి ప్రతి పోరాటమూ ఇసుకతోనే మొదలయ్యేది, కష్టపడి లెవెల్ పెంచుకుని శత్రువులను బలహీనపరిచే మంత్రాలు నేర్చుకున్న ఆటగత్తె మాత్రం ఖర్చు లేని పిడికెడు ఇసుక ముందు తన మంత్రం వెలవెలబోవడం చూస్తూ కూర్చునేది. నేను చెప్పింది ఒక సందర్భానికి సరిపోయే నిర్ణయం, వారు విన్నది శాశ్వత నియమం. ఈ రెండింటి మధ్య గీత గీయవలసిన బాధ్యత డంజన్ మాస్టర్‌దే. ఈనాటికీ అటువంటి నిర్ణయం చెప్పిన ప్రతిసారీ ‘ఇది ఈ ఒక్కసారికే, నియమంగా ఉంచాలో వద్దో ఆట అయ్యాక మాట్లాడుకుందాం’ అని పైకే అంటాను. నీవూ అలాగే అను.

సొంత నియమాలు రాసుకోవడమే తప్పని నేను అనడం లేదని గమనించు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను తొలిసారి ప్రచురించినప్పుడు ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు మాత్రమే ఉండేవి. వాటిలో చెప్పకుండా వదిలేసినవి ఎన్నో ఉండటంతో, ఆడినవారు తమకు తోచినట్టు పూరించుకోక తప్పేది కాదు. ఆ అలవాటు ఆటతోపాటే పుట్టింది. అయితే ఖాళీ ఉన్న చోట నింపడం ఒకటి, ఇతరులు ఎంతో కాలం ఆడి సరిచూసిన చోట తవ్వడం మరొకటి. తవ్వేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ మార్పు ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది?

నీ జాబితాలో ఆరవదైన ఫంబుల్ నియమాన్ని ఈ ప్రశ్నతోనే తూచి చూడు. దాడి పాచిక మీద 1 పడితే కత్తి జారిపోవాలని, లేదా పక్కనున్న స్నేహితుడికే తగలాలని రాశావు. వినడానికి సరదాగా ఉంది. లెక్క వేద్దాం. ఇరవై ముఖాల పాచిక మీద 1 పడే అవకాశం నూటికి 5. వంతుకు ఒకే దాడి చేసే మొదటి లెవెల్ ఫైటర్ (ఆయుధాలతో పోరాడే యోధుడు) ఐదు రౌండ్ల పోరాటంలో కనీసం ఒక్కసారైనా కత్తి జారవిడిచే అవకాశం నూటికి సుమారు 23. అదే ఫైటర్ ఐదవ లెవెల్‌లో రెండు, పదకొండవ లెవెల్‌లో మూడు, ఇరవయ్యవ లెవెల్‌లో నాలుగు దాడులు చేస్తాడు. నాలుగు దాడుల చొప్పున ఐదు రౌండ్లంటే ఇరవై పాచికలు, ఆ లెక్కన అతడు కనీసం ఒక్కసారి తప్పటడుగు వేసే అవకాశం నూటికి 64. నైపుణ్యం పెరిగే కొద్దీ తడబాటు పెరుగుతున్నదన్నమాట. లోకంలో ఏ విద్యకైనా ఇటువంటి ధర్మం ఉంటుందా? ఇంకో పక్క మంత్రగాడైన విజార్డ్ ఫైర్‌బాల్ అనే మంటల మంత్రం విసిరినప్పుడు అతడు దాడి పాచికే వేయడు, మంటలో చిక్కుకున్నవారే దెబ్బను తప్పించుకోవడానికి సేవింగ్ త్రో అనే పాచిక వేస్తారు కనుక నీ నియమం అతడిని తాకనే తాకదు. రాక్షసులకూ ఇదే నియమం వర్తిస్తుంది కదా అని నీవు అనవచ్చు. రాక్షసుడు ఒక్క పోరాటంలో కనిపించి చచ్చిపోతాడు, అతడి కత్తి జారితే నీకు పోయేదేమీ లేదు, ఫైటర్ మాత్రం క్యాంపెయిన్ పొడవునా ఆ పాచికలు వేస్తూనే ఉంటాడు.

నేను ఈ నియమంతో కొన్ని నెలలు ఆడించాను కాబట్టే ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను. మొదట్లో బల్ల చుట్టూ నవ్వులే. ఫైటర్ పాత్ర నడిపే మిత్రుడు నవ్వడం ఎప్పుడు మానేశాడో గమనించినవాళ్లలో నేనే చివరివాడిని. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్న సామెత నాకే వర్తించింది. ఆ సరదాను పూర్తిగా వదులుకోలేకపోతే, వంతులోని మొదటి దాడికి మాత్రమే వర్తింపజేసి, దాని ఫలితాన్ని వర్ణనకే పరిమితం చెయ్యి. కవచం బకిల్ ఊడి గణగణమన్నదని చెప్పవచ్చు, హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణబలాన్ని చెప్పే అంకె) మాత్రం పోకూడదు. నా మాట వింటే అసలు కొట్టివెయ్యి.

దాడి పాచిక మీద 20 పడినప్పుడు తగిలే క్రిటికల్ హిట్ విషయం ఇంత నలుపు తెలుపుగా లేదు. పుస్తకం ప్రకారం దెబ్బ ఎంతో తేల్చే డ్యామేజ్ పాచికలను రెండింతలు వేయాలి, రెండింటి మీదా 1 పడితే ఉసూరుమనిపించడం నిజమే. అందుకని ఒక వాటాకు గరిష్ఠ విలువ ఇచ్చి, రెండో వాటాకు పాచిక వేయాలని నీవు ప్రతిపాదించావు. ఆటగాళ్లు వేసినప్పుడు ఆనందంగానే ఉంటుంది, ఓగర్ అనే రాక్షసుడు వేసినప్పుడు ఏమవుతుందో చూడు. దాని దుడ్డుకర్ర దెబ్బ రెండు ఎనిమిది ముఖాల పాచికలు, దానికి 4 అదనం. మామూలు క్రిటికల్ సగటున 22 అయితే నీ పద్ధతిలో 29 అవుతుంది. గరిష్ఠంగా 12 హిట్ పాయింట్లు ఉన్న కొత్త పాత్రకు 22 తగిలితే సున్నాకు పడిపోగా 10 మిగులుతుంది, స్పృహ తప్పుతుంది, స్నేహితులు కాపాడుకోగలరు. 29 తగిలితే మిగిలేది 17. మిగిలిన దెబ్బ గరిష్ఠ హిట్ పాయింట్లతో సమానమైనా, అంతకు మించినా అక్కడికక్కడే మరణమని నియమం. కాబట్టి అందరూ ఐదవ లెవెల్ చేరేదాకా దీనిని పక్కన పెట్టు.

ఫ్లాంకింగ్ గురించి ఎక్కువ రాయను. శత్రువుకు అటూ ఇటూ నిలబడితే అడ్వాంటేజ్ ఇవ్వడమనేది 2014లో ఐచ్ఛిక నియమంగా పుస్తకంలోనే ఉన్నది. ఇరవై ముఖాల పాచిక సగటు 10.5 నుంచి 13.8కి పెరగడం చిన్న లాభం కాదు, దానినే బార్బేరియన్ (ఆవేశంతో పోరాడే యోధుడు) తన మీద శత్రువులకు అదే లాభం వదులుకుని కొనుక్కుంటాడు. రెండడుగులు జరిగితే ఉచితంగా దొరికే సరుకును ఎవరు కొంటారు? మీ బృందంలో బార్బేరియన్ ఉంటే ముందు ఆ ఆటగాడినే అడుగు.

ఉంచుకోదగ్గ మిగిలిన రెండింటి విషయానికి వస్తాను. పాత్ర బలం, తెలివి వంటివాటిని చెప్పే ఎబిలిటీ స్కోర్ల కోసం ఆరు ముఖాల పాచికలు నాలుగు వేసి చిన్నది వదిలేసే పద్ధతిలో సగటు 12.24, పుస్తకంలో ఇచ్చిన 15, 14, 13, 12, 10, 8 వరుస సగటు 12. సగటులో ఉన్న తేడా స్వల్పమే, నొప్పించేది ఒకరికి 18, పక్కవారికి 11 రావడం. అందరూ తలొకటి వేసి, ఆ వచ్చిన ఆరు అంకెల వరుసనే అందరూ వాడుకోవాలన్న నీ ఆలోచన చక్కగా ఉంది. పడిపోయిన పాత్ర బతుకుతుందో లేదో తేల్చే డెత్ సేవింగ్ త్రోలను రహస్యంగా వేయించాలన్నదీ బాగుంది, ఎందుకంటే ఇంకా రెండు ఓటములు మిగిలాయి కదా అని తోటివారు లెక్కలు కట్టుకుంటూ పడిపోయినవాడిని వదిలేయడం మానేస్తారు. పాచికను మాత్రం నీవు వేయకు. పడిపోయిన పాత్ర ఎవరిదో వారే నీ తెర వెనుక వేసి నీకు చూపించాలి, తన పాత్ర ప్రాణం తన చేతి పాచికలోనే ఉండాలని ఎవరికైనా ఉంటుంది.

పోషన్ నియమంతో కలిపి ఉంచుకోదగ్గ ఈ మూడింటినీ ఒకే కాగితం మీద రాసి, పాత్రలు తయారు చేసుకునే సెషన్ జీరో నాడే అందరికీ చదివి వినిపించు. పాత్రను కట్టుకున్న తరువాత నియమం మారితే దాని మీద ఆధారపడి శక్తులు ఎంచుకున్నవారు నష్టపోతారు, అటువంటప్పుడు ఆ ఎంపికను మార్చుకునే అవకాశం ఇవ్వడం నీ ధర్మం. ఇకముందు ఏ కొత్త నియమం తెచ్చినా మూడు సెషన్ల గడువు పెట్టి తెచ్చుకో. గడువు తీరాక ఎవరూ దానిని కొనసాగించమని అడగకపోతే అదే రద్దయిపోవాలి, అప్పుడు తీసేయడానికి నీవు ఎవరితోనూ వాదించనక్కరలేదు.

మొదటి సెషన్‌లో రాసుకున్న ప్రశ్నల కాగితం నాకు పంపు. జాబితాలో మిగిలిన నియమాల సంగతి దానిని చూశాకే మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య