ముసలాయన పాత్ర ఇస్తే గొంతు వణికించేస్తున్నారు

ప్రశ్న: డిగ్రీ పిల్లలకి సాయంత్రాలు నాటకం నేర్పిస్తున్నానండీ, పన్నెండు మందీ కొత్తవాళ్ళే. ముసలాయన అంటే గొంతు వణికిస్తారు, విలన్ అంటే అరుస్తారు, రిహార్సల్ అయ్యేసరికి సగంమందికి గొంతు బొంగురుపోతోంది. ఎలా నేర్పాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వాళ్ళు చేస్తున్నది ఎక్కడో సినిమాలో విన్న గొంతుని దించడమండీ, అందుకే అందరి ముసలాయనా ఒక్కలాగే ఉంటాడు. ఓ వారం స్క్రిప్టు పక్కన పెట్టేసి ఒక్క మాట ఇవ్వండి, "బస్సు వెళ్ళిపోయిందా?" అని. ఇంటర్వ్యూకి పరిగెత్తుకొచ్చిన కుర్రాడు ఎలా అడుగుతాడు, కూతుర్ని అత్తారింటికి పంపడం ఇష్టంలేక కావాలనే ఆలస్యంగా బయల్దేరిన తల్లి ఎలా అడుగుతుంది, బస్టాండులో సోడాలమ్మేవాడు ఎలా అడుగుతాడు? ఆ తల్లి గొంతులో చివర కాస్త ఊరట వినబడాలి, వినబడేదాకా మళ్ళీ మళ్ళీ చేయించండి, నేనైతే దీనికే రెండు క్లాసులు పెట్టేస్తాను.

తర్వాత గొంతు పలికే చోటు మార్చడం. నాట్యశాస్త్రంలో గొంతుకి ఉరస్సు (అంటే ఛాతీ), కంఠం, శిరస్సు అని మూడు స్థానాలు చెప్పారు, దూరంగా ఉన్నవాణ్ణి పిలవాలంటే శిరస్సు, పక్కనున్నవాడితో మాట్లాడాలంటే ఉరస్సు. ఛాతీమీద అరచెయ్యి పెట్టుకుని కిందిస్థాయిలో "ఊఁ" అనమనండి, అదురు చేతికి తెలుస్తుంది. విలన్‌ని అక్కణ్ణుంచి, మెల్లగా, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ మాట్లాడించి చూడండి, అరవక్కర్లేకుండానే భయం వేస్తుంది.

ముసలాయన సంగతికొస్తే ఇంట్లో తాతయ్య దగ్గరో పక్కింటి మామ్మగారి దగ్గరో పది నిమిషాలు కూర్చుని, వాళ్ళకి ఊపిరి ఎక్కడ తెగుతోంది, ఏ మాట సాగదీస్తున్నారు అని విని రమ్మనండి. కొందరు పెద్దాళ్ళ గొంతు ఖంగుమంటుంది కూడా. పన్నెండు మంది పన్నెండు రకాల ముసలాళ్ళని తెస్తారు! దగ్గర్లో హరికథ జరిగితే తప్పకుండా తీసుకెళ్ళండి, ఆ ఒక్క మనిషే వేషం మార్చకుండా రాముడూ రావణుడూ ఎలా అవుతున్నాడో కళ్ళు మూసుకుని వినమనండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, నవ్వించడానికని శ్రీకాకుళం యాసో తెలంగాణ యాసో పనివాడి పాత్రకి తగిలించొద్దు. ఆ యాస ఇంట్లో మాట్లాడే పిల్లలుంటే హీరో పాత్ర అందులోనే చేయనివ్వండి, ఆ గొంతు ఎంత విచ్చుకుంటుందో మీరే చూస్తారు.

బొంగురుకి: మొదటి ఐదు నిమిషాలు మెత్తగా హమ్మింగ్, మధ్యమధ్యలో మంచినీళ్ళు, అరుపుల సీన్లు రోజుకి ఒకట్రెండుసార్లే. గొంతు పోయినవాళ్ళు గుసగుసలాడినా దానిమీద భారమే, ఊరుకోమనండి. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.