యూనిఫాం విప్పి క్లాసుకెళ్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

గచ్చిబౌలి ఐఎస్‌బీలో (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) ఏడాది కోర్సుకి సీటొచ్చిందన్న నీ మెసేజ్ చూసి ఎంత సంతోషించానో! ఆర్మీ షార్ట్ సర్వీసులో 10 ఏళ్లు, పొడిగించిన 4 ఏళ్లు పూర్తిచేసి, పెన్షన్ లేకుండా బయటికొచ్చేవాడికి ఇదెంత పెద్ద అడుగో నాకు తెలుసు. చేరేముందే మీ ఆవిడతో కూర్చుని ఇంటి లెక్క వేసుకో. ఆ ఏడాది జీతం రాదు. గ్రాట్యుటీ అంతా ఫీజుకే పెట్టేయకు.

సైన్యం నుంచి బయటికొచ్చేవాళ్ల పునరావాసం చూసే డీజీఆర్ ద్వారా ఐఐఎంలలో చేసే ఆరు నెలల కోర్సులో చుట్టూ మనవాళ్లే ఉంటారు. ఐఎస్‌బీలో అలా కాదు. పక్కన కూర్చునేవాళ్లు చాలామంది నీకంటే చిన్నవాళ్లు. మొదట్లో సర్ అంటారు. పేరు పెట్టి పిలవమని నువ్వే చెప్పు.

బిజినెస్ స్కూల్లో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. మొదటి గ్రూప్ మీటింగ్‌లో ఎవరేం చెయ్యాలో నేనే పంచేసి, రాత్రి పదికల్లా పంపమన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు, పని మాత్రం సగమే వచ్చింది. మర్నాడు ఒకమ్మాయి నెమ్మదిగా, "మీరు మమ్మల్ని అడగలేదండీ" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తే.

అడగడం నాకు ఇంకో చోటా చేతకాలేదు. అకౌంటింగ్ అర్థంకాక, డెబిట్ ఎటో క్రెడిట్ ఎటో తెలియక, రెండు వారాలు టెన్షన్ పడ్డానేగానీ నోరు విప్పలేదు. చివరికి సీఏ చదివిన కుర్రాణ్ణి అడిగితే టీ తాగుతూ గంటలో విడమరిచి చెప్పాడు. సరిహద్దు పోస్టు మీద శత్రువు ఒత్తిడి పెరిగితే రేడియో సెట్ అందుకుని ఫిరంగుల సాయం అడుగుతాం కదా. అక్కడ లేని మొహమాటం ఇక్కడెందుకు?

నువ్వు ఇవ్వగలిగిందీ తక్కువేం కాదు. లద్దాఖ్‌లో కనుమలు మూసుకోకముందే చలికాలానికి రేషన్, కిరోసిన్ నింపుకున్నావు. దారి ఆలస్యంగా తెరుచుకుంటే సరిపోయేలా కొంత అదనంగా పెట్టుకున్నావు. ఆపరేషన్స్ క్లాసులో దాన్నే సేఫ్టీ స్టాక్ అంటారు. ఆ రోజు తప్పకుండా చెయ్యెత్తి చెప్పు.

రెజ్యూమెలో వట్టి 'కంపెనీ కమాండర్' అని రాస్తే, కంపెనీ అంటే సైనిక దళమని తెలియక వ్యాపార సంస్థ అనుకుంటారు. ఎంతమంది జవాన్లు, ఎన్ని వాహనాలు, ఏ బాధ్యతలో మామూలు మాటల్లో రాయి. రాసింది నాకు పంపు, ఆదివారం ఫోన్‌లో కలిసి దిద్దుకుందాం.

నీ అన్న