రివిట్ గన్ సరే, ముందు చిల్లు సంగతి చూడు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. గన్ మంచిదే కొన్నావు, దాని గురించి టెన్షన్ వద్దు. బాత్రూమ్ తలుపుకి పై మడతబందు ఊడిపోయి తలుపంతా కింది బందు మీద వేలాడుతోంది కాబట్టి, రేపు పొద్దున్నే గన్ పట్టుకుని టకటకా నాలుగు రివిట్లు కొట్టేద్దామని నీ ఉబలాటం, నాకు తెలుసు. ఈ చెన్నైలో పెరంబూరు నుంచి తిరువాన్మియూరు దాకా వచ్చి నేనే చేసిపెట్టొచ్చు, కానీ అలా చేస్తే వచ్చే నెల బాల్కనీ దోమతెరకీ, ఆ తర్వాత బీరువాకీ మళ్ళీ నన్నే పిలుస్తావు. రైలు కోచ్ ఫ్యాక్టరీలో రేకు పనిలోనే సర్వీసంతా గడిపినవాణ్ణి కాబట్టి తెలిసింది రాస్తున్నాను, ఓపిగ్గా చదువు. ముందు ఓనరమ్మకి ఒక మాట చెప్పి ఒప్పుకున్నాకే తలుపు మీద చెయ్యి వెయ్యి, అద్దిల్లు మరి.

రివిట్ పనిలో గన్ చేసేది చివరి రెండు సెకన్ల పని. అందరూ దాన్ని చూసి మురిసిపోతారు గానీ, రివిట్ నిలుస్తుందా ఊడుతుందా అన్నది అంతకుముందే తేలిపోతుంది, నువ్వు పెట్టిన చిల్లు దగ్గరా, ఎంచుకున్న పొడవు దగ్గరా.

ఒక రివిట్ చేతిలోకి తీసుకుని చూడు. టోపీ ఉన్న చిన్న అల్యూమినియం గొట్టం, దాని మధ్యలోంచి పొడుగ్గా బయటికి వచ్చిన ఇనప పిన్ను, ఆ పిన్నుకి అవతలి కొసన చిన్న గుండు. గన్ పిన్నుని వెనక్కి లాగుతుంటే గుండు గొట్టాన్ని నొక్కి అవతలివైపు ఉబ్బిస్తుంది, రేకులు రెండూ ఈ టోపీకీ ఆ ఉబ్బుకీ మధ్య బిగుసుకుంటాయి, ఇక లాగడానికి చోటు లేక పిన్ను సన్నగా ఉన్నచోట టక్కున తెగుతుంది. అవతలివైపుకి చెయ్యి వెళ్ళక్కర్లేదు, అదే దీని గొప్ప. హామిల్టన్ నీల్ వైలీ అనే ఆయన 1916లో గొట్టం రివిట్లకి పేటెంట్ వేశాడు, ఇలా పిన్ను లాగి ఒకవైపు నుంచే బిగించే పద్ధతి 1927 పేటెంట్‌లో చేర్చాడు. లోపల చెయ్యి దూరని బోలు తలుపులు, గొట్టాలు, బీరువా పలకలు, ఇలాంటి చోట్ల నట్టు బోల్టు వెయ్యలేం కాబట్టి ఇంటి రిపేర్లలో ఆయన మనకీ పనికొచ్చాడు.

ఇప్పుడు చిల్లు. రివిట్ సైజు 3.2 అయితే డ్రిల్ బిట్టు 3.3, రివిట్ 4 అయితే బిట్టు 4.1, రివిట్ 4.8 అయితే బిట్టు 4.9 మిల్లీమీటర్లు. కొట్టువాళ్ళు వన్ బై ఎయిట్, ఫైవ్ బై థర్టీటూ, త్రీ బై సిక్స్‌టీన్ అని అంగుళాల్లో చెప్తారు, వరసగా ఆ మూడే ఇవి. ఇంట్లో ఉన్న బిట్టు కొంచెం పెద్దదైతే ఏమవుతుందిలే అనుకోకు. 3.2 రివిట్‌కి 3.5 చిల్లు పెడితే గొట్టం చిల్లు నిండా ఉబ్బదు, ఆ రోజు బిగుతుగానే అనిపిస్తుంది, తలుపు రోజూ తీసి వేస్తుంటే కొన్నాళ్ళకి లొడలొడలాడుతుంది. అప్పుడు జనం రివిట్‌ని తిడతారు.

చిల్లు పెట్టేముందు సెంటర్ పంచ్‌తో, అది లేకపోతే గట్టి మేకుతో, సుత్తి వేసి చిన్న గుంట కొట్టు, లేకపోతే బిట్టు రేకు మీద జారి గీతలు పెడుతుంది. నీ డ్రిల్ మిషన్‌కి పైన చిన్న మీట ఉంటుంది చూడు, సుత్తి బొమ్మ మీద ఉంటే దాన్ని బిట్టు బొమ్మ మీదకి మార్చు. గోడకి కొట్టినట్టు రేకుని సుత్తి మోడ్‌లో కొడితే చిల్లు గుండ్రంగా రాదు. ఇనప రేకైతే నెమ్మదిగా తిప్పు, బిట్టు కొసన ఒక చుక్క నూనె వెయ్యి. కళ్ళద్దాలు పెట్టుకో, చదివే అద్దాలు కాదు, పక్కలు కూడా మూసే రకం. బాత్రూమ్ కదా, నేల పొడిగా తుడిచాకే ప్లగ్గు పెట్టు. చిల్లు పడ్డాక దాని చుట్టూ గరుకు అంచు లేస్తుంది, పెద్ద బిట్టుని చేత్తోనే రెండు చుట్లు తిప్పితే పోతుంది, చదును రేకైతే ఆకురాయితో ఒకసారి రుద్దు. అది తియ్యకపోతే రెండు రేకుల మధ్య వెంట్రుకంత సందు మిగిలిపోతుంది, రివిట్ ఎంత లాగినా ఆ సందు మూయదు.

పొడవు లెక్క తేలికే. కలిపి పట్టాల్సిన మందమంతా కూడు, దానికి రివిట్ లావుకి ఒకటిన్నర రెట్లు చేర్చు. డబ్బా మీద ఎంత మందానికి పనికొస్తుందో రాసి ఉంటే అదే ప్రమాణం, నా లెక్క పక్కన పెట్టెయ్. పొట్టిదైతే అవతల ఉబ్బడానికి గొట్టం మిగలదు. మరీ పొడుగుదైతే గొట్టం రేకుకి ఆనకుండా మధ్యలోనే ఎక్కడో ఉబ్బుతుంది, పిన్ను తెగుతుంది, నువ్వు అయిపోయిందనుకుంటావు, రేకులు మాత్రం కదులుతూనే ఉంటాయి.

నీ తలుపు పీవీసీ అన్నావు. చాలా పీవీసీ తలుపుల లోపల చట్రంగా చదరపు ఇనప గొట్టం ఉంటుంది, పైన 5 మిల్లీమీటర్ల పీవీసీ షీటు అతికిస్తారు. బందు నిలవాల్సింది ఆ గొట్టంలో. ఒట్టి పీవీసీని పట్టుకున్న రివిట్ ఇవాళ కాకపోతే రేపు ఊడుతుంది, నీది ఊడింది బహుశా అందుకే, లేదా లోపల గొట్టం తుప్పుపట్టి ఉండొచ్చు. పాత స్పీకర్లోది గట్టి అయస్కాంతం ఉంటే తలుపు అంచు వెంబడి జరుపుతూ చూడు, ఎక్కడ లాగిందో అక్కడ గొట్టం ఉంది. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. డ్రిల్ చేస్తుంటే ముందు తెల్లటి పీవీసీ పొట్టు వస్తుంది, ఆ తర్వాత మెరిసే ఇనప పొట్టు రావాలి. ఎర్రటి పొడి రాలి, బిట్టు ఏ అడ్డూ లేకుండా సర్రున లోపలికి దిగిపోయిందంటే అక్కడ గొట్టం తినేసింది, ఆపెయ్. బందుని రెండంగుళాలు పైకో కిందికో జరిపి మళ్ళీ ప్రయత్నించు. తలుపు అడుగున నీళ్ళు తగిలి ముందు పోతుంది, పైభాగం సాధారణంగా బాగానే ఉంటుంది. గుమ్మంవైపు స్క్రూలు ఉంటాయి కాబట్టి జరపడం పెద్ద కష్టం కాదు. పాత చిల్లులోనే కొట్టాలనుకుంటే అది సాగిపోయి ఉంటుంది కనక ఒక సైజు పెద్ద రివిట్ కావాలి, నా మాట వింటే కొత్త చోటే మంచిది.

లెక్క వేసి చూపిస్తాను. బందు రేకు 1.5, పీవీసీ 5, గొట్టం రేకు 1, మొత్తం 7.5. రివిట్ లావు 4 అనుకో, దాని ఒకటిన్నర రెట్లు 6. అంటే 13.5, కాబట్టి 14 మిల్లీమీటర్ల పొడవుది కొను. బందు చిల్లుల అంచులు లోపలికి చెక్కి ఉంటాయి, అక్కడ స్క్రూ తల రేకుతో సమంగా కూర్చోవాలని. మామూలు బొడిపె తల రివిట్ వేస్తే అది పైకి లేచి, తలుపు వేసినప్పుడు బందు పూర్తిగా మూసుకోదు, తలుపు వెనక్కి తన్నుతుంది. అందుకని కౌంటర్‌సంక్ తలవి అడుగు, కొట్లో సీఎస్‌కే హెడ్ అంటారు. చెన్నైలో ఆ మాట అంటే ముందు క్రికెట్ కబుర్లు మొదలవుతాయి, ఓపిక పట్టు. ఈ రకంలో తల కూడా పొడవులో కలిపే కొలుస్తారని గుర్తుంచుకో.

మీ ఇల్లు సముద్రానికి రెండు వీధుల దూరం, ఇది చిన్న సంగతి కాదు. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు ఒకదాన్నొకటి ఆనుకుని, మధ్యలో ఉప్పు తడి చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. అందులోనూ పెద్ద స్టీలు బందుకి చిన్న అల్యూమినియం రివిట్ వేస్తే మరీ తొందరగా పోతుంది. తలుపు బందు స్టెయిన్‌లెస్ అయితే రివిట్ గొట్టమూ, పిన్నూ రెండూ స్టెయిన్‌లెస్‌వే కొను. కాకపోతే అవి గట్టి, నీ చిన్న గన్‌తో 4 సైజు లాగడం నీ అరచేతికి కాదు, నా చేతికీ కష్టమే. నా దగ్గర పొడుగు చేతుల గన్ ఉంది, రెండు చేతులతో లాగేది, మీ అత్తయ్య ఆదివారం అటు వస్తుంది కదా, ఇచ్చి పంపిస్తాను. బాల్కనీ దోమతెర చట్రం అల్యూమినియం కాబట్టి దానికి నీ దగ్గరున్న అల్యూమినియం రివిట్లు చాలు. వాటిలో మిగిలిపోయే ఇనప పిన్ను ముక్క కొన్నాళ్ళకి తుప్పుపట్టి గోధుమరంగు చార దిగుతుంది, చూడ్డానికి బాగుండదు గానీ ప్రమాదం లేదు. ఇంకో మాట, మామూలు రివిట్ మధ్యలో సందు ఉంటుంది, వాన నీళ్ళు అందులోంచి దిగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వాన ఎటు కొడుతుందో నీకు చెప్పక్కర్లేదు. బయటివైపు తలల మీద కొంచెం సిలికాన్ పుయ్యి.

ఇక గన్ పట్టుకో. ముక్కులు నాలుగు ఇస్తారు, పిన్ను ఏ ముక్కులో సాఫీగా దూరి, అటూ ఇటూ ఊగకుండా ఉంటుందో అది బిగించు. చేతులు పూర్తిగా తెరిచి పిన్నుని మొదలంటా లోపలికి తొయ్యి, రివిట్‌ని చిల్లులో పెట్టి గన్ ముక్కుని తల మీద నిటారుగా, గట్టిగా ఆనించి ఉంచు. ఇక్కడ బద్ధకం వద్దు, గన్ వాలిందంటే రివిట్ తల ఒకవైపు లేచి ఉండిపోతుంది. నొక్కు, వదిలి ముందుకి తొయ్యి, మళ్ళీ నొక్కు, పొడుగు రివిట్‌కి రెండు మూడుసార్లు పడుతుంది, తెగేముందు చెయ్యి బరువెక్కడం నీకే తెలుస్తుంది. తెగిన పిన్ను గన్‌లోంచి జారిపోవాలి, జారకపోతే చేతులు బార్లా తెరిచి తలకిందులు చేసి దులుపు. నేల మీద పడ్డ పిన్నులన్నీ ఏరెయ్, తడి బాత్రూమ్‌లో చెప్పుల్లేకుండా తిరుగుతాం, అరికాల్లో దిగితే నొప్పి మామూలుగా ఉండదు.

అన్ని చిల్లులూ ఒకేసారి పెట్టకు. ఒకటి పెట్టు, రివిట్ కొట్టు, తలుపు తీసి వేసి చూడు, కింద రాసుకుంటోందా, గడియ సరిగ్గా పడుతోందా అని. సరిగ్గా ఉంటేనే రెండోది. తలుపు బరువు ఎవరైనా పట్టుకోవాలి, లేదా కింద పాత పుస్తకాలు పేర్చు. చిల్లు రేకు అంచుకి మరీ దగ్గరగా వద్దు, రివిట్ లావుకి రెండింతలైనా ఎడం ఉండాలి.

తప్పు పడితే ఏడవక్కర్లేదు. మేకు పెట్టి సుత్తితో పిన్ను ముక్కని అవతలికి దిగగొట్టు, తర్వాత చిల్లు సైజు బిట్టుతోనే తల మీద డ్రిల్ చెయ్యి, తల ఊడి బిట్టుకి ఉంగరంలా వస్తుంది, మిగతాది లోపలికి తోసెయ్. రివిట్ బిట్టుతోపాటే గిరగిరా తిరుగుతుంటే తల కింద స్క్రూడ్రైవర్ కొస దూర్చి పట్టుకో. గొట్టంలో పడ్డ ముక్క తలుపు వేసినప్పుడల్లా గలగలమంటుంది, దానికి మందు లేదు. అసలు తలుపు జోలికి వెళ్ళేముందు పాత నూనె డబ్బా రేకు రెండు ముక్కలు కోసి వాటి మీద కొట్టి చూసుకో, అవతలివైపు ఉబ్బు ఎలా వచ్చిందో కంటితో చూస్తే సగం అనుమానాలు తీరతాయి.

గన్ చేతిలో ఉంది కదా అని ఇల్లంతా కొట్టకు. రివిట్ పక్కకి జారే లాగుడుని బాగా ఓర్చుకుంటుంది, నిటారుగా ఊడలాగితే అంత ఓర్చుకోదు. అందుకని నెత్తి మీద వేలాడే వాటికి, మనిషి ఎక్కే నిచ్చెనకి, పిల్లలు ఆనుకునే బాల్కనీ గ్రిల్లుకి వద్దు. కుక్కర్ పిడికీ, నూనె మూకుడు పిడికీ అసలే వద్దు, బోలు రివిట్‌లోంచి కారుతుంది, కాగిన నూనెతో చేతిలో ఉండగా పిడి ఊడిందంటే ఇంకేమన్నా ఉందా. అప్పుడప్పుడూ విప్పాల్సినవాటికి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ మూతలాంటి వాటికి, స్క్రూలే సుఖం.

బీరువా హ్యాండిల్ గురించి అడిగావు. లోపలివైపు చెయ్యి అందుతుంది కాబట్టి దానికి రివిట్ ఎందుకు, రెండు చిన్న బోల్టులు, వెనకాల వెడల్పు వాషర్లు వేసి బిగించెయ్, రోజూ లాగేది అది. బందుల దగ్గర ఊగుతున్న తలుపు రేకుకి మాత్రం రివిట్ వెయ్యొచ్చు, అక్కడ రేకు పల్చన, 3.2 సైజు చాలు, పొడవు మాత్రం మళ్ళీ లెక్క వేసుకునే కొను.

మావయ్య