డార్క్‌రూమ్‌లో ఫోటోని షార్ప్ చేయడం: ఉండేది, నేనూ చేశాను

కంప్యూటర్ లేనప్పుడు, ఫోటోలు కడిగే చీకటిగది డార్క్‌రూమ్‌లో ప్రింటును షార్ప్ చేసే పద్ధతి ఉండేదా అని అడిగారు. ఉండేది. ఫోటోషాప్‌లోని ‘అన్‌షార్ప్ మాస్క్’ పేరు అక్కడి నుంచి వచ్చిందే.

1990ల్లో నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక స్టూడియోలో పనిచేశాను. మైపాడులో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఫోటో, 120 సైజు ఫిల్ము నెగెటివ్. ఎలా ప్రింటు వేసినా దారాలన్నీ కలిసిపోయి వల గోనెపట్టాలాగా కనిపించేది. సరేనని ఆఫ్‌సెట్ ప్రెస్సు వాళ్లని అడిగి లిత్ ఫిల్ము (మధ్య ఛాయలు లేకుండా నలుపు-తెలుపు మాత్రమే ఇచ్చే అచ్చుపని ఫిల్ము) ముక్క తెచ్చా. దాని మీద హైపోలో (ఫిల్ము మీది మందుని కరిగించే ద్రావణం) కడిగేసిన ఖాళీ ఫిల్ము, ఆపైన నెగెటివ్, అన్నిటికన్నా పైన ట్రేసింగ్ పేపరు పెట్టి వెలుతురు కొట్టాను. మసకగా, పల్చగా ఒక పాజిటివ్, అంటే నెగెటివ్‌లోని వెలుగునీడలు తిరగబడిన బొమ్మ, రావాలి. మాస్క్ అంటే అదే. లిత్ ఫిల్ము కదా, మొదటి రెండుసార్లూ కటిక నలుపే. పేపరు మీద బొమ్మ తేల్చే మందు, పేపర్ డెవలపర్‌ని నీళ్లలాగా పల్చన చేస్తే మూడోసారికి కుదిరింది.

దాన్ని నెగెటివ్‌కి కచ్చితంగా సరిపెట్టి టేపు వేయాలి. వెంట్రుకవాసి జరిగినా ముఖం పక్కన ఇంకో ముఖం తేలుతుంది! ఈ మాస్క్ పెద్ద వెలుగునీడల తేడాని తగ్గిస్తుంది. సన్న గీతలు మసకలో కరిగిపోయి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోదు. తగ్గిన కాంట్రాస్టుని 2వ గ్రేడుకి బదులు, కాంట్రాస్టు ఎక్కువిచ్చే 4వ గ్రేడు పేపరుతో తిరిగి తెచ్చుకుంటే, ఏ దారానికా దారం విడిగా కనిపిస్తుంది. ఒక్క ప్రింటుకి రెండు రాత్రులు పట్టింది, మా ఓనరు తిట్టని తిట్టు లేదు.

ఫిల్ము కడిగేటప్పుడే పదును రావాలంటే రోడినాల్ అనే డెవలపర్‌ని నీళ్లలో 1:100 కలిపి, గంటసేపు దాదాపు కదపకుండా వదిలేసేవాళ్లూ ఉన్నారు. మన మే నెల కుళాయి నీళ్లతో వద్దు. ఐస్ వేసి 20 డిగ్రీలకి దించినా గంటసేపు అక్కడే నిలవదు.

అసలు మాస్క్ దాకా పోయేముందు నెగెటివ్ బొమ్మని పెద్దది చేసి పేపరు మీద వేసే ఎన్‌లార్జర్ చూసుకోండి. బల్బు వేడికి నెగెటివ్ మధ్యలో ఉబ్బి ఫోకస్ పోతుంది. లెన్సు కింద ఎర్ర ఫిల్టర్ అడ్డంపెట్టి, లైటు కాసేపు వెలగనిచ్చి, ఉబ్బాక ఫోకస్ చేసేవాణ్ణి. లెన్సు రంధ్రం (అపర్చర్) ఎఫ్8 దగ్గర ఉంచండి. లారీ పోతే మా టేబులు అదిరేది, అందుకే పెద్ద ప్రింట్లు రాత్రి పది దాటాకే.

మీ ప్రింటును భూతద్దంతో చూడండి. మూలలు బాగుండి మధ్యలోనే మసకైతే బల్బు వేడి, గీతలన్నీ జంటగా కనిపిస్తే అదురు.