ఆ పై మట్టి గీకించకండి

ప్రశ్న: మా నాలుగెకరాలు యురేనియం గని వ్యర్థాల చెరువుకు కిలోమీటరు దూరం. అరటి ఎండిపోయింది, పిల్లలకు ఒంటినిండా దద్దుర్లు. 2022 డిసెంబరులో బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే యురేనియం లీటరుకు 75 మైక్రోగ్రాములు వచ్చింది. పరిమితి 30 కదా, నేల శుభ్రం చేసివ్వమని కేసు వేయొచ్చా? ఈలోగా పై మట్టి గీకించి ఊరి చెరువు మట్టి తోలుకుందామనుకుంటున్నాం. – ఒక రైతు

జవాబు: ట్రాక్టరు మాట్లాడి ఉంటే ఈరోజే వద్దని చెప్పండి. మీకున్న అసలు సాక్ష్యం ఆ జానెడు మట్టే. గీకిన మట్టి ఇంకోచోట పోస్తే ఆ నేరం మీ మెడకు చుట్టుకుంటుంది.

30 అన్నది తాగునీటి లెక్క, నేలకు పనికిరాదు. కలుషిత స్థలాల శుద్ధికి కేంద్రం 2025లో తెచ్చిన నిబంధనలు రేడియోధార్మిక వ్యర్థాలకు, గనుల తవ్వకానికి వర్తించవు. అమెరికాలో నేలకు అంకె ఉంది: పై 15 సెంటీమీటర్ల మట్టిలో రేడియం-226 (యురేనియం నుంచి పుట్టే రేడియోధార్మిక పదార్థం) గ్రాముకు 5 పికోక్యూరీలు (రేడియోధార్మికత కొలత). అక్కడా అది సహజంగా ఉన్నదానికి పైన ఎంత అన్న లెక్కే. మీ కేసు తేలేదీ అక్కడే. యురేనియం ఉన్న నేల కాబట్టే అక్కడ గని పెట్టారు. ‘ఇది మొదట్నుంచీ ఉన్నదే’ అంటాడు అవతలి లాయరు. మీ 75 దానికి బదులు చెప్పదు.

బదులు వాళ్ల కాగితాల్లోనే వెతకాలి. గని అనుమతికి ముందు చేసిన పర్యావరణ ప్రభావ నివేదికలో చుట్టుపక్కల నీళ్లు, మట్టి పరీక్షల ఫలితాలు ఉంటాయి. 10 రూపాయల ఫీజు కట్టి ఆర్టీఐ కింద అడగండి. కాలుష్య నియంత్రణ మండలికి రిజిస్టర్డ్ పోస్టులో రాసి, మీ పొలంలోనూ వ్యర్థాల చెరువుకు ఎగువనున్న పొలంలోనూ ఒకేరోజు నమూనాలు తీయించండి. వీఆర్వో ముందు పంచనామా రాయించి, సీలు వేసిన ఒక భాగం మీ దగ్గర ఉంచుకోండి.

ఇక గడువు. ఇన్నాళ్లు రిపోర్టు బీరువాలో పెట్టుకుని కూర్చోవడం నిర్లక్ష్యమే. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టంలో, వివాదాలు తేల్చమని అడిగే సెక్షన్ 14 కింద ఉన్న ఆరు నెలలూ ఎప్పుడో దాటాయి. పరిహారం, నేల పునరుద్ధరణ అడిగే సెక్షన్ 15కి ఐదేళ్లు, అంటే 2027 డిసెంబరు. సరైన కారణం చూపితే మరో 60 రోజులు, అంతే. కానీ అరటి ఎండింది రిపోర్టుకు ముందే అయితే గడువు అప్పటినుంచే అంటారు. ఆ తేదీ మీరు రాయలేదు. పంట నష్టం అర్జీలు, ఫొటోలు తీసి ముందు అది తేల్చుకోండి.

ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌లో పిటిషన్ వేస్తూ నిపుణుల కమిటీని కోరండి. సామాన్యుడికి పరిమితి సహజ రేడియేషన్ కాక ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ (ఒంటికి సోకే రేడియేషన్ కొలత). ఆ నేలలో పండింది తిని, ఆ నీళ్లు తాగే కుటుంబానికి అది దాటకూడదంటే మట్టిలో ఎంత మిగలొచ్చో ఆ కమిటీ చేతే లెక్క కట్టించాలి. పిల్లల వైద్యం చీటీలు జతచేయండి. అప్పటిదాకా ఆ బోరు నీళ్లు వంటకు కూడా వాడొద్దు.